చక్రం కిందకి తొయ్యరా

2020 మే నెల. పొద్దున్న ఏడున్నర. మా దిండిలో ఆ పాటికి చించినాడ వంతెన మీంచి లారీల హోరు వినపడాలి. లాక్‌డౌన్ రోజులు కదా, వినపడలేదు. వశిష్ఠ ఒడ్డున హౌస్‌బోట్లు ఎక్కడివక్కడ కట్టేసి ఉన్నాయి. మలికిపురం, రాజోలు వైపు మాకు తెలిసిన మెకానిక్ షెడ్లన్నీ మూతపడి నెల దాటింది.

మా పెరట్లో నాన్నగారి మారుతి 800 ముందు ఎడమ చక్రం కరకరమంటోంది. అమ్మ మందులకి అమలాపురం వెళ్ళాలి. దారిలో ఆగిపోతే చూసే నాథుడు లేడు. "నేను విప్పి చూస్తాను" అన్నాడు అన్నయ్య. హైదరాబాదు ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేస్తున్నాడప్పుడు. చేతికి ఏదైనా పని దొరికితే బావుణ్ణని ఉన్నాడు.

ఆ పొద్దుటి సంగతి మా ముగ్గురికీ మూడు రకాలుగా గుర్తుంది. నాన్నగారినీ అన్నయ్యనీ విడివిడిగా అడిగి, నేను చూసింది కలుపుకుని, వరసగా రాస్తున్నాను.

కోనసీమది ఒండ్రు నేల. కొబ్బరి పాదుకి నీళ్ళు కడితే పక్క మట్టి కూడా మెత్తబడుతుంది. పైగా ముందురోజు రాత్రి గాలివాన. డిక్కీలో ఉండే కత్తెర జాకీ పెట్టి తిప్పబోతే దాని పాదం మట్టిలోకి దిగిపోయింది. అన్నయ్య గోడవార పడున్న ఇటుకలు రెండు తెచ్చి కింద పేర్చాడు. ఈసారి కారు లేచింది. నట్లు విప్పి, చక్రం ఊడదీసి, దొర్లించుకెళ్ళి కొబ్బరిచెట్టుకి ఆనించాడు.

నాన్నగారు అరుగు మీద కాఫీ తాగుతున్నారు. ముప్ఫయ్యేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి.

"ఒరే, చక్రం అక్కడెందుకెట్టావు? కిందకి తొయ్యి."

"రెండు నిమిషాల పని నాన్నా."

"అర నిమిషమైనా సరే. కిందకి తొయ్యరా."

అన్నయ్య వినలేదు. నేనే వెళ్ళి చక్రం దొర్లించుకొచ్చి, తలుపు కింద అంచు దాని మీదకి వచ్చేలా పడుకోబెట్టి లోపలికి తోశాను. నాన్నగారి మాట తీసెయ్యలేక తోశానే గానీ, ఎందుకో నాకు తెలియదు.

బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని చూడగానే తెలిసింది. అక్కడితో ఆపేస్తే ఈ కథే లేదు. ఇంజన్ కింద నూనె తడి అన్నయ్య కంట పడింది. ఎక్కణ్ణుంచి కారుతోందో చూద్దామని గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. తలా, కుడిచెయ్యీ కారు కిందకి పోనిచ్చాడు. కాసేపు వెతికాడు.

"పదో నంబరు స్పానరు ఇయ్యరా" అంటూ తల బయటికి తీశాడు.

స్పానరు అందించబోతున్నాను. ఎండు మట్ట విరిగినట్టు చిన్న చప్పుడు. పై ఇటుక పగిలింది. కారు ఒక్క ఊపు ఊగింది, జాకీ పక్కకి ఒరిగింది, ఎడమవైపంతా దభీమని దిగింది. దిగి, ఆ టైరు మీద ఆగింది.

అన్నయ్య చెయ్యి ఇంకా లోపలే ఉంది. ఆ టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు. జానెడు కూడా కాదు. మోచెయ్యి పట్టడానికి ఆ సందు చాలింది. చెయ్యి మెల్లగా లాక్కుని, అయిదు వేళ్ళూ ఒక్కొక్కటే ముడిచి తెరిచి చూసుకున్నాడు. వంటింట్లోంచి అమ్మ "ఏం పడిందిరా?" అని కేకేసింది. ముగ్గురిలో ఎవరికీ నోరు పెగల్లేదు.

నాన్నగారు తిట్టలేదు. కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టి వచ్చి, పగిలిన ఇటుక ముక్క చేతిలోకి తీసుకున్నారు. "గోడలో అయితే పక్కనున్నవాటితో కలిసి మోస్తుంది. ఇలా ఒక్క మూల నొక్కితే చెప్పాపెట్టకుండా పోతుంది" అన్నారు. ఉక్కు వంగుతుంది, చెక్క కిర్రుమంటుంది, ఇటుక మాత్రం ముందుగా హెచ్చరించదు. బోలు సిమెంటు ఇటుక ఇంకా అన్యాయం.

ఆ రాత్రి టెక్సాస్ నుంచి మా పెదనాన్నగారబ్బాయి ఫోన్ చేశాడు. జరిగింది విని, "స్టాండ్లు లేకుండా కిందకి దూరాడా!" అన్నాడు. అక్కడ చాలామంది ఇంటి గ్యారేజీలోనే సొంతంగా రిపేర్లు చేసుకుంటారు, ఎత్తిన కారుని మోసే స్టాండ్లు కొని ఉంచుకుంటారు. వాటి గురించే అక్కడ పెద్ద గగ్గోలుగా ఉందని అతనే చెప్పాడు. హార్బర్ ఫ్రైట్ అనే గొలుసు దుకాణాల సంస్థ పిట్స్‌బర్గ్ పేరుతో అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లని ఆ ఏడాది వెనక్కి పిలిచింది. అన్నీ కలిపి దాదాపు 17 లక్షలు. స్టాండు మధ్య కమ్మీకి రంపంలా పళ్ళుంటాయి, వాటి సందులో ఒక ఉక్కు నాలుక దిగి బరువు ఆపుతుంది. ఫ్యాక్టరీలో పనిముట్లు అరిగిపోయి, కొన్నిట్లో ఆ నాలుక పళ్ళలోకి పూర్తిగా దిగడం లేదట. కారు కాస్త కదిలితే జారిపోవచ్చు. బదులుగా తీసుకోమన్న స్టాండ్లలో కొన్నిటికి వెల్డింగు లోపం బయటపడి, అదే ఏడాది, ఈ ఫోన్ తరవాత, వాటినీ వెనక్కి పిలిచారు.

నాన్నగారు స్పీకరులో అంతా విన్నారు. "అయితే కొనేటప్పుడు పళ్ళు చూసుకోవాలన్నమాట" అన్నారు.

షాపులు తెరిచాక, వంతెన దాటి పాలకొల్లు వెళ్ళాం. షాపాయన రెండు జతలు తెచ్చి గట్టుమీద పెట్టాడు. "ఏదైనా గట్టిదేనండి, ఆయ్" అన్నాడు. నాన్నగారు తొందరపడలేదు. ఒక్కో స్టాండు నేల మీద పెట్టి నాలుగు కాళ్ళూ ఆనుతున్నాయా అని ఊపి చూశారు. కమ్మీ ఒక్కో పన్నూ పైకి లాగుతూ, నాలుక పడ్డప్పుడల్లా పైనుంచి బలంగా నొక్కారు. అతుకుల మీద బొటనవేలు పెట్టి చివరిదాకా తడిమారు. ఒక జతలో వెల్డింగు ఒకచోట గుంటగా ఉంది. దాన్ని పక్కకి జరిపారు.

ఆయన అడిగిన ప్రశ్నల్లో ఒకటి మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. "ఈ మూడు టన్నులు ఒక్కదానికా, జతకా?" షాపాయన చీటీ తిప్పి చదివి, "జతకేనండి" అన్నాడు. మా మారుతి 800 మొత్తం కలిపినా 650 కిలోల చిల్లర కాబట్టి మాకు చాలు. పెద్ద బండి ఉన్నవాళ్ళు ఆ చీటీ చదవకుండా డబ్బివ్వద్దు. పళ్ళు కాకుండా, కమ్మీకి బెజ్జాలుండి లావుపాటి పిన్ను అడ్డంగా దోపే రకం కూడా ఉంది. ఎత్తులు తక్కువే గానీ, పిన్ను దిగిందో లేదో కంటికి కనిపిస్తుంది. నాకు అదే నచ్చింది. నాన్నగారికి పళ్ళదే నచ్చింది. ఆయన మాటే నెగ్గింది.

మర్నాడు ప్యాడ్లు మార్చడానికి కారుని పెరట్లోకి పోనివ్వలేదు. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం మీద నిలిపారు. హ్యాండ్‌బ్రేకు లాగించి, అది పట్టేది వెనక చక్రాలనేనని అన్నయ్యకి చెప్పారు. వెనకవైపు ఎత్తిన రోజున హ్యాండ్‌బ్రేకుని నమ్ముకుంటే కారు దొర్లిపోతుంది. అప్పుడు గేరులో ఉంచి, ముందు చక్రాలకి అడ్డు వెయ్యాలి. "అంతర్వేది తేరు లాగేటప్పుడు చక్రాల కింద చెక్కలేసేవాళ్ళని చూళ్ళేదూ? లాగేవాడి కంటే వాడి మీదే ఎక్కువ భారం" అంటూ, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కలు తానే దోపారు.

నట్లు కారు నేల మీద ఉండగానే వదులు చేయించారు. గాల్లో ఉండగా స్పానరుతో పెనుగులాడితే కారంతా ఊగుతుంది. జాకీతో ఎత్తాక, తలుపు కింద కంపెనీవాళ్ళు గట్టిచేసి గుర్తుపెట్టిన చోటే స్టాండు తల ఆనేలా చూసి, జాకీని అంగుళం అంగుళం దింపించారు. బరువు స్టాండు మీదకి వచ్చింది. ఊడదీసిన చక్రం? అదీ కింద ఉండాల్సిందే. ఈసారి అన్నయ్యే ఎవరూ చెప్పకుండా తోశాడు.

"జాకీ ఎత్తడానికిరా. మొయ్యడానికి ఇది" అని స్టాండుని కాలితో తట్టారు నాన్నగారు. తరవాత రెండు చేతులూ బానెట్టు మీద ఆనించి, డెబ్భయ్యో పడిలో ఉన్న మనిషి, తన బలమంతా పెట్టి కారుని అటోసారి ఇటోసారి కుదిపారు. కదల్లేదు. చెయ్యి దులుపుకుని అన్నయ్య వైపు చూశారు.

"ఊఁ, ఇప్పుడు దూరు."