బెరేషిత్: తోరా తొలి పదంపై యూదు వ్యాఖ్యాతల వివాదం

తెలుగు బైబిలులో ఆదికాండం ‘ఆదియందు’ అన్న మాటతో మొదలవుతుంది. కాలానికి ఒక ప్రథమ క్షణం ఉందని, ఆ క్షణంలోనే సృష్టి జరిగిందని ఆ మాట స్ఫురింపజేస్తుంది. మూలంలోని హీబ్రూ పదం ‘బెరేషిత్’ అంత నిశ్చితార్థకం కాదు. తోరా తొలి వాక్యం శూన్యం నుంచి జరిగిన సృష్టిని చెబుతున్నదా, లేదా అన్న ప్రశ్న ఈ పదం వ్యాకరణంతో ముడిపడి ఉంది.

ఫ్రాన్సులోని త్రోయ్ పట్టణానికి చెందిన రాషీ (1040–1105) దీనిని సూటిగా ఎదుర్కొన్నాడు. ‘రేషిత్’ అనే పదం లేఖనాలలో తరువాతి పదంతో షష్ఠీ సంబంధం కలిగి వస్తుందని, ‘ఫలానా దాని ఆరంభం’ అనే అర్థాన్నిస్తుందని అతని వాదం. యిర్మీయా గ్రంథంలో యెహోయాకీము ఏలుబడి ఆరంభాన్ని చెప్పిన చోట ఈ పదమే ఉంది. తోరాలో మాత్రం దాని వెనుక నామవాచకం లేదు; ‘సృష్టించెను’ అనే క్రియ ఉంది. అందుచేత ‘బారా’ను ‘సృష్టించుట’గా గ్రహించి, దేవుడు సృష్టింపనారంభించినప్పుడు భూమి నిరాకారంగా ఉండెనని అన్వయించాలన్నాడు. సృష్టిక్రమం చెప్పడమే ఉద్దేశమైతే ‘బారిషోనా’ అనే పదం ఉండవలసింది. పైగా రెండవ వాక్యంలోనే జలాలు ప్రత్యక్షమవుతాయి. అవి ఎప్పుడు పుట్టాయో వాక్యం చెప్పదు. రాషీ శూన్యసృష్టిని కాదనలేదు. ఈ వాక్యం దానిని చెప్పడం లేదన్నాడు, అంతే. విశ్వాసానికి అనుకూలమైన అర్థం చేతికి అందుబాటులో ఉండగా వ్యాకరణం పక్షాన నిలవడం చిన్న విషయం కాదు.

‘బారా’ అనే క్రియ కూడా వివాదానికి అతీతం కాదు. మహాజలచరాలను, మనిషిని సృష్టించిన చోటా అదే క్రియ ఉన్నందున దానికి శూన్యం నుంచి కల్పించడమనే అర్థం తప్పనిసరి కాదని స్పెయినుకు చెందిన ఇబ్న్ ఎజ్రా భావించాడు. గిరోనా నగరవాసి నహ్మనిదెస్ (1194–1270) ఇందుకు అంగీకరించలేదు. లేమి నుంచి కలిమిని వెలువరించడానికి హీబ్రూలో ‘బారా’ తప్ప వేరే మాట లేదన్నాడు. లోకం అనాది అని నమ్మేవారికి తోరాయే లేదన్నది అతని నిశ్చయం. అయినా సృష్టి రహస్యం కేవలం వాక్యాలను చదివితే బోధపడదని, మోషే నుంచి పరంపరగా రావలసినదేనని అతనే అన్నాడు. ఈ మాట తెలియకుండానే రాషీ పక్షానికి బలమిస్తుంది.

పదక్రమం మరొక చిక్కు. హీబ్రూలో ‘ఎలోహిమ్’, అంటే దేవుడు, మూడవ పదం. ‘బెరేషిత్’ ఒక శక్తి పేరని, అది దేవుణ్ణి సృష్టించిందని ఎవరైనా పొరబడవచ్చు. అందుకే టోలెమీ రాజు కోసం తోరాను గ్రీకులోకి తెచ్చిన 72 మంది పెద్దలు, వేర్వేరు గదులలో ఉండి కూడా, దేవుని పేరునే ముందుంచారని బాబిలోనియా తల్మూదులోని మెగిల్లా ప్రకరణం చెబుతుంది. నేడు లభిస్తున్న గ్రీకు పాఠంలో అటువంటి మార్పు లేదు. కనుక ఈ కథను అనువాద చరిత్రగా కాక, రబ్బీల ఆందోళనకు సాక్ష్యంగా గ్రహించడమే ఉచితం. విచిత్రమేమంటే, 13వ శతాబ్ది చివర కాస్టీలులో వెలువడిన జోహార్ ఆ భయపడిన అన్వయాన్నే ఆహ్వానించింది. నిగూఢుడైన పరమాత్మ ‘ఆరంభం’ ద్వారా ‘ఎలోహిమ్’ను వెలువరించాడని, అందుకే వాక్యంలో కర్త కనిపించడని దాని వివరణ.

అమెరికాలోని జ్యూయిష్ పబ్లికేషన్ సొసైటీ 1917 అనువాదంలో పాత పద్ధతినే పాటించి, 1962 తోరా అనువాదంలో రాషీ అన్వయానికి మళ్ళింది. దానిని ఆధునిక విమర్శకుల కల్పనగా కొట్టివేసేవారు త్రోయ్ వ్యాఖ్యాతను చదవలేదనుకోవాలి.