కుటుంబములలో మొదలైన ఉజ్జీవము

ఉజ్జీవమనగానే మనము పెద్ద పందిళ్లను, పేరుగల ప్రసంగీకులను తలంచుదుము. ఇంగ్లాండులోని కిడ్డర్‌మిన్‌స్టర్ సంఘ చరిత్ర వేరొక మార్గమును చూపుచున్నది.

1641లో రిచర్డ్ బాక్స్టర్ ఆ నేతగాండ్ర ఊరికి బోధకుడుగా వచ్చినప్పుడు, వీధికి ఒక కుటుంబము ప్రార్థించుటయే అరుదు. కాలక్రమమున ఆయన ప్రసంగములకు గుడి చాలక అయిదు గ్యాలరీలు కట్టిరి. అయినను ఏండ్ల తరబడి విన్నవారిలో కొందరికి క్రీస్తు ఎవరో తెలియదని ఆయన కనుగొనెను. అందుచేత ఆయనయు సహాయకుడును ప్రతి సోమ, మంగళవారములు ఒక్కొక్క కుటుంబముతో విడిగా కూర్చుండి, ప్రశ్నోత్తరములు నేర్పి, వారి ఆత్మల క్షేమము విచారించిరి. ఊరిలో సుమారు 800 కుటుంబములుండెను. కొన్ని వీధులలో ప్రార్థన లేని ఇల్లే లేకపోయెను.

1660లో బాక్స్టర్ ఆ ఊరు విడిచెను. ఆ పరిచర్య తిరిగి ఆయనకు దొరకలేదు. అయినను 1743లో జార్జి విట్‌ఫీల్డు అక్కడికి వచ్చి, ఆ సేవయొక్క సువాసన ఇంకను నిలిచియుండుట చూచెను. కాపరి పోయినను కుటుంబ ప్రార్థన పోలేదు.

పండుగనాడు తలలు లెక్కించి సంతోషించినవాడనే నేనును. వారిలో ఎందరి ఇంట కూర్చుంటివని ప్రభువు అడిగినయెడల నేనేమి చెప్పుదును? ఈ వారము మీ కాపరి మీ గడప తొక్కినయెడల, చందా కొరకు వచ్చెనని తలంచక, చాప పరచి బైబిలు తెరువుడి.