మనీలా మాటల్లో మెట్లు
ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా వీధుల్లో ఫిష్‌బాల్ బండి దగ్గర అందరూ పుల్లతో గుచ్చుకునే తింటారు. ‘లెట్స్ మేక్ టుసోక్ టుసోక్ ద ఫిష్‌బాల్స్’ అన్నారంటే మాత్రం పెద్దింటి పిల్లలని లెక్క. ‘టుసోక్’ అంటే గుచ్చడం. ఇంగ్లిష్ వాక్యంలో ఇలా స్థానిక భాష తగలోగ్ క్రియను ఇరికించే ఈ ధోరణి పేరు కోన్యో. ఖరీదైన కాలేజీల యాసగా అది పేరుపడింది.

తెలుగు మీడియం బడిలో సాంఘికం చెప్పే నాకు దీని వెనకున్న బడుల కథే ముఖ్యం. స్పానిష్ పాలన మూడు వందల ఏళ్లు దాటినా ఆ భాష కొద్దిమందిదిగానే ఉండిపోయింది. అమెరికా పాలన వచ్చాక, 1901లో ‘థామస్’ ఓడలో వందల మంది అమెరికన్ టీచర్లు దిగాక ఇంగ్లిష్ ఊరూరి బడికీ చేరింది. 1937లో తగలోగ్‌ను జాతీయ భాషకు ఆధారంగా ప్రకటించారు. 1974లో లెక్కలు, సైన్సు ఇంగ్లిష్‌లోనూ సాంఘికం ఆ జాతీయ భాషలోనూ చెప్పాలన్నారు. ఒకే పూట రెండు భాషల్లో పాఠం వినే పిల్లల నోట తగలోగ్, ఇంగ్లిష్ కలిసిన టాగ్లిష్ బలపడక ఏమవుతుంది? జీప్నీ బండి డ్రైవరూ కలిపే మాట్లాడతాడు, బ్యాంకు మేనేజరూ కలిపే మాట్లాడతాడు. ఎవరి మాటలో ఇంగ్లిష్ పాలెంత, ఉచ్చారణ ఎలా ఉంది అన్నదాన్ని బట్టే మనిషిని తూచేస్తారు.

ఈ తూకం రాతకూ తప్పలేదు. ఫోన్ మెసేజీల్లో అక్షరాలను వంకర్లు తిప్పి రాసే కుర్రకారును 2010లో ‘జెజెమోన్’లని వెక్కిరించారు. చాలామంది దాన్ని పేదవాడల రాతగానే చూశారు. విద్యాశాఖ కూడా ఆ రాతను మాన్పించమని బడులకు చెప్పింది. కోన్యో పిల్లలకూ ఎగతాళి తప్పలేదు, కానీ వాళ్ల ఇంగ్లిష్ వాళ్లకు ఉద్యోగాల తలుపులు తెరుస్తూనే ఉంది. ఈ తేడా నన్ను బాధిస్తుంది.