బీరువా అవతల కాలం ఎవరిది?

మాయాద్వారం దాటి మరో లోకానికి వెళ్ళే కథల్ని పలాయన సాహిత్యమని కొట్టిపారేయడం మన విమర్శలో పాత అలవాటు. నేనూ కొట్టిపారేసినవాణ్ణే. ఒక సాహిత్య సభలో ఆ మాట పత్రంగా రాసి మరీ చదివాను. దాన్ని ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గాని, సవరించుకోక తప్పదు. ఆ అవసరం కల్పించింది శంషాబాద్ మండలంలో నేను తెలుగు చెప్పే తొమ్మిదో తరగతి.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం సి.ఎస్. లూయిస్ నార్నియా నవలల్లో మొదట అచ్చయినది (1950), దాని తర్వాతిది (1951) దొరికాయి. చివరి పీరియడ్‌లో పిల్లలకు వాటిని తెలుగులో చెబుతూ వచ్చాను. బడి మీదుగా విమానం దిగేటప్పుడు మాట వినపడదు కాబట్టి ఆగాలి. ఆ ఆగడం కథకు మంచే చేసింది.

కథ తెలియనివారి కోసం రెండు మాటలు. యుద్ధకాలంలో బాంబుల భయంతో లండన్ నుంచి పల్లెలోని ఒక ప్రొఫెసర్ ఇంటికి వచ్చిన నలుగురు పిల్లలు పాత బట్టల బీరువాలో దూరి, మంత్రగత్తె ఏలుబడిలో ఉన్న మంచుదేశంలో తేలతారు. ఆ ఏలుబడి కూలుతుంది. పిల్లలే రాజులూ రాణులూ అవుతారు. ఏళ్ళ తరబడి ఏలి పెద్దవాళ్ళవుతారు. ఒకనాడు వేటలో తెల్లదుప్పిని తరుముతూ వెళ్ళి మళ్ళీ బీరువాలోంచి బయట పడతారు. చూసుకుంటే తిరిగి చిన్నపిల్లలే! ఇల్లు చూడవచ్చిన అతిథులతో ఇంటి పెత్తనందారు ఆవిడ బయట నడవలో ఇంకా మాట్లాడుతూనే ఉంది. గడియారం ముల్లు కదలలేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ ఇంటికి వచ్చిన నష్టం బీరువాలోని నాలుగు బొచ్చుకోట్లు.

ఆ యుద్ధం మాత్రం కల్పన కాదు. 1939 సెప్టెంబరు మొదటి రోజుల్లోనే బ్రిటన్ నగరాల నుంచి దాదాపు 15 లక్షల మందిని పల్లెలకు తరలించారు. వారిలో అత్యధికులు బడిపిల్లలు. వాళ్ళ వెంట వేలాదిమంది ఉపాధ్యాయులు కూడా వెళ్ళారు. (ఆ సంగతి నవలలో రాదు. పంతులు సాధారణంగా కథల్లోకి రాడు.) ఆక్స్‌ఫర్డ్ శివార్లలోని లూయిస్ ఇంట్లోనూ అలాంటి పిల్లలు కొందరు ఉన్నారు. తల్లిదండ్రుల నుంచి విడివడిన పసితనమే ఈ నవలకు భౌతిక పునాది. రచయిత దాన్ని ఒకటి రెండు వాక్యాల్లో దాటేసి బీరువా వైపు పరుగెత్తుతాడు. ఆ ఇంటి పనిమనుషులు ముగ్గురి పేర్లూ చెప్పి, కథలో వీళ్ళకు పెద్దగా పని లేదని బ్రాకెట్లలో పక్కకు పెట్టేస్తాడు. అది చదవగానే నాలోని విమర్శకుడు పండగ చేసుకున్నాడు. వర్గదృష్టి ఇక్కడ పట్టుబడిందని మార్జిన్‌లో గీత కూడా గీశాను. గీత గీయాల్సిన చోటు మరొకటుందని ఒక పిల్ల చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఆమె తండ్రి మస్కట్‌లో తాపీపని చేస్తాడు. తల్లి కామారెడ్డి వైపు నుంచి పిల్లల్ని తీసుకువచ్చి ఇక్కడ ఒక హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. కథ అయిపోగానే ఆ పిల్ల లేచి, "గట్లయితె మా నాయిన వచ్చేసరికి నేను ఇంక మూడో తరగతిలనే ఉండాలె గద సార్?" అంది. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నవలలోని ప్రొఫెసర్ అయితే జవాబు చెప్పేవాడు: కాలం తేడా ఉండటమే అవతల వేరే లోకం ఉందనడానికి సాక్ష్యమని ఆయన వాదన. నా దగ్గర జవాబు లేదు.

మన కథల్లో కాలం ఇంత ఉదారంగా ఉండదు. భాగవతం నవమ స్కంధంలో రైవతుడు కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకం పోతాడు. అక్కడ పాట జరుగుతోంది. అది ముగిసేదాకా కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. ఆయన మనసులో అనుకున్న వరులే కాదు, వాళ్ళ మనుమల వంశాలు కూడా మిగలవు. ద్వారం దాటినవాడికి క్షణమైనది ఇంటి దగ్గర యుగాలైంది.

మనుచరిత్ర సంగతి ఇంకా దగ్గరిది. ఎం.ఏ. పరీక్షలో ప్రవరుని పాత్రచిత్రణ మీద నేనూ పేజీలు నింపాను. నిష్ఠాపరుడా, రసహీనుడా అన్న తగువు తప్ప పాదలేపం గురించి ఒక్క ప్రశ్నా ఎవరూ అడగలేదు. మార్కండేయ పురాణం నుంచి తెచ్చుకున్న ఈ కథకు పదహారో శతాబ్దిలో పెద్దన ఎంత అలంకారం తొడిగినా, దాని కీలు ఆ పసరు మీదనే ఉంది. సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని ప్రవరుడు క్షణంలో హిమాలయం చేరతాడు. మిగిలిన వింతలు రేపు చూద్దామని వెనక్కి తిరిగేసరికి మంచు తగిలి పసరు కరిగిపోయింది. పోవడం ఉచితం. రావడం మాత్రం తన చేతిలో లేదు. అక్కడ అతణ్ణి పీడించేది వరూధిని ఒక్కతే కాదు. ఇంటి దగ్గర పొద్దు వాలుతోంది, తల్లిదండ్రులు ఎదురుచూస్తుంటారు, అగ్నికార్యం ఆగిపోతుంది. చివరకు పొద్దు గుంకకముందే ఇల్లు చేర్చమని అగ్నిదేవుణ్ణి వేడుకుంటాడు. వేళకాని వేళ అతిథులొచ్చినా వండిపెట్టే ఇల్లాలు ఆ ఇంట్లో ఉందని పెద్దన ముందే చెప్పాడు. ఆ పగలంతా ఆవిడ ఎలా గడిపిందో మాత్రం చెప్పలేదు.

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చి 23న రాకపోకలు మొదలుపెట్టింది. విస్తీర్ణం సుమారు 5,500 ఎకరాలు, పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. చుట్టుపక్కల ఊళ్ళ పొలాలు అందులో కలిసిపోయాయి. ఊరి మీదుగా పోయే బెంగుళూరు రోడ్డు పాలమూరు కూలీల వలసను ఎన్నో ఏళ్ళుగా చూసింది. ఇప్పుడు గల్ఫ్‌కు పోయే కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు విమానం కోసం ఇక్కడికి వస్తారు. ఈ ద్వారానికీ పాదలేపం ఉంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నడిచిన పద్ధతిలో, పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు వలస పరిశీలన తప్పింది. మామూలు కూలీ పాస్ కాకపోతే, గల్ఫ్ దేశాల్లో పనికి పోవడానికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తెచ్చుకోవాలి. అంటే స్పాట్ వాల్యుయేషన్‌లో నేను దిద్దే తెలుగు పేపరు కూడా ఆ తలుపుకు ఒక గడియే! ఇన్నేళ్ళుగా దిద్దుతూ ఆ సంగతి ఆలోచించలేదు. ఇక తిరిగి రావడం: పాస్‌పోర్టు యజమాని పెట్టెలో ఉంటే పసరు కరిగినట్టే. యజమాని సమ్మతి లేనిదే దేశం దాటరాదన్న నిబంధనను ఖతర్ చాలామంది కార్మికులకు ఎత్తివేసింది 2018లో.

లూయిస్ మీద నా తీర్పు రెండో నవల చదివాక కొంత మారింది. అందులో పిల్లలకు ఇంగ్లండులో ఒక ఏడాది గడుస్తుంది. వాళ్ళు ఏలిన దేశంలో 1,300 ఏళ్ళు గడిచిపోతాయి. కోట పాడుబడి చెట్లు మొలిచాయి, వాళ్ళ ప్రజల్లో ఒక్కరూ మిగల్లేదు. కాలం గడవకపోవడమన్న భోగం ఏలినవాళ్ళకే గాని ఏలబడినవాళ్ళకు లేదని రచయిత తెలిసో తెలియకో ఒప్పుకున్నాడు. దీన్ని పలాయనమని ఒక్క ముక్కలో తేల్చలేం.

ఇది క్లాసులో చెప్పినప్పుడు ఆ పిల్లే మళ్ళీ లేచి, "వాళ్ళను ఎవరన్న గుర్తువట్టిన్రా సార్?" అనడిగింది. మొదట ఒక మరుగుజ్జు నమ్మలేదని, తామే ఆ పాత రాజులమని కత్తిసాములో, విలువిద్యలో నెగ్గి చూపించాల్సి వచ్చిందని చెప్పాను. దాన్ని రఫ్ నోట్సులో రాసుకుంది. వాళ్ళ నాయన దసరాకు వస్తున్నాడట. తమ్ముడు ఆయన్ని ఇంతవరకు ఫోన్లో చూడటమే.