వీలునామా: రాయడంతో ముగిసే పని కాదు

ఒక వ్యక్తి తన మరణానంతరం ఆస్తి ఎవరికి చెందాలో నిర్దేశిస్తూ రాసుకునే పత్రమే వీలునామా. దీనినే మరణశాసనమని కూడా అంటారు. ఇతర దస్తావేజులకు, దీనికి ముఖ్యమైన భేదం ఒకటుంది. వివాదం తలెత్తి ఈ పత్రం న్యాయస్థానానికి చేరే నాటికి రాసిన వ్యక్తి జీవించి ఉండడు. తన ఉద్దేశాన్ని వివరించే అవకాశం అతనికి లేదు. అందువల్లనే చట్టం కొన్ని నియమాలను విధించింది. అవి కొద్దిపాటివే అయినా, వాటిని విస్మరిస్తే పత్రం చెల్లకుండా పోవచ్చు.

వీలునామా లేకుంటే

హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా రాయకుండా మరణించిన పురుషుని స్వార్జితం అతని భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లికి సమాన వాటాలుగా సంక్రమిస్తుంది. తండ్రి ఈ మొదటి తరగతి వారసులలో లేడు. చట్టబద్ధంగా దత్తత తీసుకోకుండా పెంచుకున్న బిడ్డకు గానీ, చివరి రోజుల్లో సేవ చేసిన మేనకోడలికి గానీ ఈ వారసులుండగా వాటా రాదు. వారికి ఏదైనా ఇవ్వదలిస్తే వీలునామా రాయవలసిందే. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మాత్రం ఎవరి వాటా మేరకు వారే రాయగలరు. ముస్లింలకు వారి ధర్మశాస్త్రమే వర్తిస్తుంది. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన దానిలో మూడో వంతుకు మించి ఇవ్వాలంటే వారసుల సమ్మతి అవసరం.

చెల్లుబాటుకు కావలసినవి

భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం మైనారిటీ తీరి, మానసిక స్వస్థత గలవారెవరైనా వీలునామా రాయవచ్చు. తెల్ల కాగితం చాలు, స్టాంపు పత్రం అవసరం లేదు. రాసిన వ్యక్తి సంతకం గానీ, వేలిముద్ర గానీ ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకాన్ని కళ్లారా చూసి, లేదా అది తనదేనని ఆ వ్యక్తి చెప్పగా విని, అతని సమక్షంలో సంతకాలు చేయాలి. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండాలన్న నియమం లేదు.

ఆస్తి పొందేవారు సాక్షిగా ఉండకపోవడం మేలు. క్రైస్తవుల విషయంలో సాక్షికి గానీ, సాక్షి జీవిత భాగస్వామికి గానీ రాసిన ఆస్తి చెల్లదు. ఈ నిబంధన హిందువులకు వర్తించకపోయినా, అటువంటి సాక్ష్యం అనుమానాలకు తావిస్తుంది. అనుమానాస్పద పరిస్థితులు ఉన్నప్పుడు వాటిని నివృత్తి చేయవలసిన భారం వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని సుప్రీంకోర్టు 1958లోనే స్పష్టం చేసింది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే పత్రం పోయినా నకలు దొరుకుతుంది. అంతమాత్రాన అది తిరుగులేనిది కాదు. వివాదం వస్తే, జీవించి ఉండి అందుబాటులో ఉన్న సాక్షులలో కనీసం ఒకరిని న్యాయస్థానంలో విచారించాలి. అందుకే తనకంటే వయసులో చిన్నవారిని, చిరునామా తెలిసినవారిని సాక్షులుగా ఎంచుకోవడం మంచిది.

కాలానుగుణంగా మార్చకుంటే

సక్రమంగా రాసిన వీలునామా సైతం కాలం గడిచేకొద్దీ నిష్ప్రయోజనం కావచ్చు. ఒక తండ్రి కుమారునికి పొలాన్ని, కుమార్తెకు ఇంటి స్థలాన్ని, మిగిలిన ఆస్తి అంతటినీ కుమారునికే రాశాడనుకుందాం. తరువాత ఆ స్థలాన్ని అమ్మి అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొని, వీలునామాను మార్చకుండానే మరణించాడు. మరణించే నాటికి తనది కాని స్థలాన్ని ఇవ్వడం కుదరదు. ఫ్లాటు ‘మిగిలిన ఆస్తి’లో చేరి కుమారునికి చెందుతుంది. ఇద్దరినీ సమానంగా చూడాలని తండ్రి తలచినా, కుమార్తెకు ఏమీ మిగలదు.

ఆస్తి పొందవలసిన సోదరుడో, స్నేహితుడో ముందే మరణిస్తే, ప్రత్యామ్నాయం రాయని పక్షంలో ఆ భాగం సాధారణంగా వారి పిల్లలకు చేరదు.

బ్యాంకు ఖాతాలోనో, షేర్లలోనో నామినీ పేరు ఉంటే చాలునన్న భావన కూడా సరికాదు. నామినేషన్ వీలునామాకు ప్రత్యామ్నాయం కాదని, వారసుల హక్కులను అది తొలగించదని షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తీర్పు చెప్పింది. నామినేషన్లు, వీలునామా పరస్పరం పొసగేలా చూసుకుంటే కుటుంబంలో కలహాలు తగ్గుతాయి.

మార్చే విధానం

పాత వీలునామాపై గీతలు కొట్టి, పేర్లు దిద్దడం తరచూ జరిగే పొరపాటు. సంతకం, సాక్షులు లేని దిద్దుబాట్లు చెల్లవు. చిన్న మార్పులకు అనుబంధ పత్రాన్ని, పెద్ద మార్పులకు కొత్త వీలునామాను రాసి, మొదటిసారి వలెనే ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించాలి. పాతది రిజిస్టరైనదైనా, సక్రమంగా రాసిన చివరి వీలునామాయే చెల్లుతుంది. కొత్తదానిలో తేదీ వేసి, మునుపటివన్నీ రద్దని స్పష్టంగా పేర్కొనాలి. విదేశాలలో స్థిరపడి, అక్కడి ఆస్తులకు వేరుగా వీలునామా రాసుకునే తెలుగువారు ఈ వాక్యం విషయంలో జాగ్రత్త వహించాలి. లేకుంటే ఇక్కడి ఆస్తులకు రాసినదీ రద్దు కావచ్చు.

వివాహం, విడాకులు, బిడ్డ జననం, వారసుల మరణం, ఆస్తి కొనుగోలు, అమ్మకం వంటి సందర్భాలలో వీలునామాను పునఃపరిశీలించాలి. అమలు బాధ్యతను విశ్వసనీయుడైన ఒకరికి అప్పగిస్తూ ఆ పేరును పత్రంలోనే రాయాలి. అసలు పత్రాన్ని సీలు చేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచే సదుపాయమూ ఉంది. ఎక్కడ దాచినా, ఆ సంగతి కనీసం ఒకరికైనా చెప్పి ఉంచాలి. ఎవరికీ దొరకని వీలునామా రాయని వీలునామాతో సమానమే.