దాణా సంకలితాల సుంకం వర్గీకరణ

పశువులు, కోళ్లు, చేపలు, రొయ్యల దాణాలో కొద్ది మోతాదులో కలిపే విటమిన్లు, అమైనో ఆమ్లాలు, ఖనిజ లవణాలు, ఎంజైములు, యాంటీబయాటిక్‌లను దాణా సంకలితాలంటారు. అవి విదేశాల నుంచి రేవులో దిగినప్పుడు సుంకాల పట్టికలో ఏ హెడ్డింగు కింద లెక్క కట్టాలో తేల్చడమే వర్గీకరణ. భారతదేశంలో ఈ తగవు నలభై ఏళ్లకు పైగా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది: ఆ పొడి మేతా, రసాయనమా? మేత అయితే 23వ అధ్యాయంలోని 2309 హెడ్డింగు. రసాయనమైతే 29వ అధ్యాయం. మందు అయితే 30వది. పన్ను మినహాయింపులను ఎలా చదవాలో చెబుతూ 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పును ఇవాళ పన్ను లాయర్లు ఎడాపెడా ఉదహరిస్తుంటారు. అది పుట్టింది ఇలాంటి ఒక విటమిన్ పొడి సరుకు మీద నడిచిన తగాదాలోంచే.

ఊరి దాణా నుంచి ప్రీమిక్స్ దాకా

వరంగల్ నుంచి కరీంనగర్ వెళ్లే రోడ్డు మీద ఉన్న హసన్‌పర్తికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఇలాంటి ఊళ్లలో ఒకప్పుడు దాణా అంటే మిల్లు తౌడు, గానుగ పల్లి చెక్క, పత్తి గింజలు, పప్పు చిట్టు, ఇంటి కుడితి. వీటిలో ఏదీ ఓడెక్కి వచ్చింది కాదు. ఏ కస్టమ్స్ అధికారికీ వాటితో పని పడలేదు.

కోళ్ల పెంపకం పరిశ్రమగా మారడంతో పరిస్థితి తిరగబడింది. ఈ మార్పులో తెలుగువారి పాత్ర పెద్దది. బి.వి.రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీని నిలబెట్టిందీ ఆయనే. పెరట్లో తిరిగే కోడి పెంటకుప్ప గీరి పురుగులు ఏరుకుంటుంది, పచ్చని ఆకు పొడుస్తుంది, ఎండలో ఒళ్లు కాచుకుంటుంది. షెడ్డులోని కోడికి ఆ దారులన్నీ మూసుకుపోయాయి. దానికి కావలసిన ప్రతి విటమినూ దాణా బస్తాలోంచే రావాలి. మక్కలు, సోయా చెక్క కలిపి పెడితే మాంసకృత్తులు అందుతాయి గాని, అందులో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం చాలదు. అందుకే టన్ను దాణాలో మిథియోనిన్ కిలో రెండు కిలోలు, విటమిన్ల మిశ్రమం అంతకన్నా తక్కువ కలుపుతారు. మోతాదు పిసరంతే అయినా ఖర్చు మాత్రం పిసరంత కాదు. కాబట్టే వాటి మీద పడే సుంకం రేవు దాటి హసన్‌పర్తి లాంటి ఊళ్లలోని కోళ్ల షెడ్డు దాకా నడిచి వస్తుంది.

పట్టికల చరిత్ర

సరుకులకు దేశదేశాల్లో ఒకే పేరు, ఒకే అంకె ఉండాలన్న ప్రయత్నం 1950లో బ్రసెల్స్‌లో కుదిరిన ఒప్పందంతో గట్టిపడింది. ఆ పట్టికలో పశువుల మేతకు వాడే తయారీలది 23.07. భారతదేశం 1975లో చేసిన కస్టమ్స్ టారిఫ్ చట్టం ఆ పద్ధతినే తీసుకుని, కొన్ని హెడ్డింగులను గుంపుగా కట్టి 23.01/07 అని రాసుకుంది. 1983 నాటి మరో బ్రసెల్స్ ఒప్పందంతో వచ్చిన హార్మొనైజ్డ్ సిస్టమ్ 1988 జనవరి 1న ప్రపంచంలో అమలులోకి వచ్చింది. మన పట్టికను 1986 ఫిబ్రవరిలోనే దానికి సరిపడేలా మార్చేశారు. 23.07 అప్పుడే 23.09 అయింది. 2003లో ఎనిమిదంకెల పట్టిక వచ్చాక కలగలుపు దాణాకు 2309 90 10, రొయ్యల దాణాకు 2309 90 31 అని వేర్వేరు గదులు ఏర్పడ్డాయి. విడి సంకలితానికి పేరుపెట్టి గది కట్టలేదు.

ఇక్కడే చిక్కంతా ఉంది. లైసిన్‌ది 2922 హెడ్డింగు, మిథియోనిన్‌ది 2930, విటమిన్లది 2936, యాంటీబయాటిక్‌లది 2941. మిథియోనిన్‌ను ఎక్కువగా వాడేది దాణాలోనే. అయినా అది స్పష్టమైన రసాయన నిర్మాణం గల ఏక పదార్థం కనుక 29వ అధ్యాయం విడిచి రాదు. దేనికి వాడతారన్నది ఒక్కటే చూసి వర్గం తేల్చకూడదన్నది ఈ పట్టిక మూల సూత్రాల్లో ఒకటి.

విటమిన్ ఇ-50 సంగతి

సరిహద్దు ఎంత సన్ననిదో తెలియాలంటే విటమిన్ ఇ-50ని దగ్గరగా చూడాలి. విటమిన్ ఇ అసిటేట్ చిక్కటి, పసుప్పచ్చని నూనె. దాణా మిక్సర్‌లో నూనెను సమంగా కలపడం కష్టం. అందుకని దాన్ని సిలికా పొడికి పట్టిస్తారు. సగం నూనె, సగం సిలికా. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా జారిపోతుంది. సంచి మీద ‘ఫీడ్ గ్రేడ్’ అని రాసి ఉంటుంది. ఇప్పుడది విటమినా, దాణా తయారీయా?

హార్మొనైజ్డ్ సిస్టమ్ వివరణలు దీనికి ఒక కొలబద్ద ఇచ్చాయి. విటమిన్‌ను పాడవకుండా ఉంచడానికి యాంటీఆక్సిడెంట్ కలిపినా, పొడికి పట్టించినా, జెలటిన్ పూత పూసినా అది విటమినే. అయితే కలిపింది నిల్వకు, రవాణాకు అవసరమైనంత మేరకే ఉండాలి. దాని వల్ల సరుకు స్వభావం మారి, సాధారణ వాడకానికి కాక ఒకానొక ప్రత్యేక వాడకానికే తగినట్టు తయారు కాకూడదు. ఆ గీత దాటితే 2309. సిలికా పట్టించింది నిల్వ కోసమా, దాణాలో కలవడం కోసమా అన్న ప్రశ్నకు సంచి మీది రాత ఒక్కటే జవాబు చెప్పలేదు.

అదే వివరణలు ప్రీమిక్స్‌ను మాత్రం సూటిగా 2309 కిందికి తెచ్చాయి. జీర్ణానికి, ఆరోగ్యానికి తోడ్పడే పదార్థాలు, దాణా పాడవకుండా కాపాడేవి, వీటన్నిటినీ మోసే పిండి, సుద్ద, ఉప్పు లాంటి వాహకాలు కలగలిసినదే ప్రీమిక్స్. యాంటీబయాటిక్ తయారీలో పులియబెట్టిన తొట్టిలోని సరుకు మొత్తాన్ని ఆరబెట్టి, అందులో మందు సాధారణంగా 8 నుంచి 16 శాతం ఉండేలా చేసిన ముద్ద కూడా 2309లోకే వస్తుంది. శుద్ధి చేసిన యాంటీబయాటిక్ మాత్రం రాదు.

కోర్టుల్లో

తొలి తీర్పుల్లో ముఖ్యమైనది అమ్మకపు పన్నుకు సంబంధించినది. గ్లాక్సో లేబొరేటరీస్ కేసులో 1979లో గుజరాత్ హైకోర్టు దాణా సప్లిమెంటును దాణా కిందే లెక్కించింది. 1997లో సన్ ఎక్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసు సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. సరుకు విటమిన్ ఎ, డి3 కలిసిన ఫీడ్ గ్రేడ్ ప్రీమిక్స్. ఎక్సైజ్ మినహాయింపు నోటిఫికేషన్‌లో మొదట ‘పశు దాణా’ అనే మాటే ఉండేది. సప్లిమెంట్లు, కాన్సెంట్రేట్లు అన్న మాటలు తర్వాత చేర్చారు. అలా చేర్చారంటే ముందు అవి లేనట్టేనని శాఖ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. రెండు అర్థాలకు తావున్నప్పుడు పన్ను కట్టేవాడికి మేలు చేసే అర్థమే తీసుకోవాలంది.

అంతకుముందు 1996 మార్చిలో ఎక్సైజ్ బోర్డు ఒక సర్క్యులర్‌లో, వ్యాపారంలో ఆ సరుకును పశువుల మేతకు ప్రత్యేకంగా వాడేదిగా మామూలుగా గుర్తిస్తేనే దాణా తయారీ అనాలని చెప్పింది. వర్తకుల నోట నలిగే పేరుకు చట్టంలో విలువనిచ్చిన ఈ పరీక్ష నా దృష్టిలో సబబైనది, ఎందుకంటే సరుకు సంగతి బాగా ఎరిగింది దాన్ని కొని అమ్మేవాళ్లే.

1999 ఆగస్టులో దిలీప్ కుమార్ అండ్ కంపెనీ దిగుమతి చేసుకున్న విటమిన్ ఇ-50 ఫీడ్ గ్రేడ్ పొడితో పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఆ ఏడాది 20/1999 నోటిఫికేషన్ ప్రకారం రొయ్యల దాణాకు సుంకం 5 శాతమే. మామూలు రేటు 30 శాతం. తమ పొడి 2309.90 కిందికి వస్తుందని కంపెనీ, అది దాణాలో కలిపే రసాయనమే గాని దాణా కాదని శాఖ వాదించాయి. అప్పీలు అధికారి, ట్రిబ్యునల్ సన్ ఎక్స్‌పోర్ట్ తీర్పు పట్టుకుని కంపెనీ వైపే నిలిచాయి. సుప్రీంకోర్టులో ఆ పాత తీర్పు మీదే అనుమానం రావడంతో కేసు అయిదుగురు న్యాయమూర్తుల ముందుకు వెళ్లింది.

2018 జూలై 30న ధర్మాసనం తీర్పు చెప్పింది. రాసింది జస్టిస్ ఎన్.వి.రమణ. కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టిన ఆయన తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పన్ను వేసే సెక్షన్‌లో అస్పష్టత ఉంటే లాభం పౌరుడిది. మినహాయింపు నోటిఫికేషన్‌లో అస్పష్టత ఉంటే లాభం ప్రభుత్వానిది. మినహాయింపు తనకు వర్తిస్తుందని నిరూపించుకోవలసిన భారం అడిగినవాడి మీదే. సన్ ఎక్స్‌పోర్ట్ తీర్పు చెల్లదు. ఇదీ సారాంశం. చాలామంది గమనించని విషయం ఒకటుంది: విటమిన్ ఇ-50 మేతా, రసాయనమా అన్నది ఆ ధర్మాసనం తేల్చలేదు. సూత్రం చెప్పి, కేసును విచారణకు తగిన బెంచికి పంపింది.

జీఎస్టీ తర్వాత

2017 జూలైలో జీఎస్టీ వచ్చాక పశువుల, కోళ్ల, రొయ్యల దాణాకు, సప్లిమెంట్లు, సంకలితాలతో సహా, పన్ను లేదన్నారు. అయితే మందుల కంపెనీల నుంచి వచ్చే విటమిన్ల సంగతేమిటన్న ప్రశ్న వెంటనే పుట్టింది. 2018 డిసెంబరు 31 నాటి సర్క్యులర్ పాత కొలబద్దనే ముందుకు తెచ్చింది: 2936లోని విటమిన్ తన స్వభావం పోగొట్టుకోనంత వరకు 2309లోకి రాదు, 18 శాతం కట్టాల్సిందే. డైకాల్షియం ఫాస్ఫేట్ విషయంలో మాత్రం ప్రభుత్వం తెలివైన దారి పట్టింది. ఐఎస్ 5470:2002 ప్రమాణానికి సరిపడే దాణా గ్రేడ్ సరుకు అని నోటిఫికేషన్‌లోనే రాసింది. ఇలా పేరు, ప్రమాణం రాసి పెడితే సగం తగాదాలు పుట్టవు.

కస్టమ్స్‌లో ఆ దారి ఈమధ్య రొయ్యల కోసం వెడల్పయింది. 2021 బడ్జెట్‌లో రొయ్యల దాణా మీద సుంకాన్ని 5 నుంచి 15 శాతానికి పెంచారు. 2023లో జలచరాల దాణా తయారీకి వాడే ఖనిజ, విటమిన్ ప్రీమిక్స్‌ల మీద సుంకాన్ని 15 నుంచి 5 శాతానికి తగ్గించారు. 2024 జూలైలో ఆ 5 కూడా తీసేసి, రొయ్యల దాణాను మళ్లీ 5 శాతానికి దించారు. ఆంధ్ర తీరంలోని చెరువులకు ఇది నిజమైన ఊరట. రాయితీ కావాలంటే సరుకును జలచరాల దాణాకే వాడతామని దిగుమతిదారు హామీ ఇవ్వాలి, లెక్క చూపాలి. అదే ప్రీమిక్స్ హసన్‌పర్తి వైపు కోళ్ల దాణాలోకి వెళ్తే ఆ రాయితీ దానికి అందదు.