కోడి రామమూర్తి నుంచి గోల్ఫ్ మైదానం దాకా

మా అబ్బాయి పన్నెండో యేట గోల్ఫ్ మొదలుపెట్టాడు. "బంతి దూరం పోవాలంటే బరువులెత్తాలి నాన్నా" అన్నాడు. వైద్యుణ్ణయి ఉండి కూడా, "ఈ వయసులో బరువులెత్తితే ఎదుగుదల ఆగిపోతుంది" అనేశాను. చిన్నప్పుడు మా నాన్నగారు నాతో అన్న మాటే అది. ఏడాది తిరక్కుండా వాడు నడుంనొప్పితో మంచమెక్కాడు. అప్పుడు గాని పుస్తకాలు తిరగెయ్యలేదు.

నాలాంటి వాళ్లు గోల్ఫ్ చరిత్రలో కోకొల్లలు. కండలు పెరిగితే భుజాలు బిగుసుకుపోయి స్వింగ్ చెడుతుందని పెద్ద పెద్ద ఆటగాళ్లే నమ్మేవారు. ఒహాయో రాష్ట్రం టొలీడోకు చెందిన ఫ్రాంక్ స్ట్రానహాన్ ఊరూరా పెట్టెల్లో ఇనుప బరువులు మోసుకు తిరిగేవాడు. హోటల్ కూలీలు ఆ పెట్టెలెత్తలేక అవస్థపడుతుంటే వినోదం చూసేవాడట! అందరూ నవ్వినా 1948, 1950 సంవత్సరాల్లో బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచాడు. తరువాత దక్షిణాఫ్రికాకు చెందిన పొట్టివాడు గ్యారీ ప్లేయర్ వ్యాయామాన్నే నమ్ముకుని 1965లో యు.ఎస్. ఓపెన్, 42 ఏళ్ల వయసులో 1978లో మాస్టర్స్ గెలుచుకున్నాడు. 1997లో టైగర్ వుడ్స్ 12 స్ట్రోకుల తేడాతో మాస్టర్స్ గెలిచాక ఇక ఎవరూ నవ్వలేదు.

మనకిది కొత్తా? వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పిన కోడి రామమూర్తి నాయుడుగారు రెండు కార్లను గొలుసులతో చేతులకు కట్టించుకుని కదలనిచ్చేవారు కాదు. జనం చేతుల కండలు చూసి చప్పట్లు కొట్టారు గాని, అసలు బలం ఆ నిలబడటంలో ఉంది.

గోల్ఫ్‌లోనూ అంతే. శక్తి నేల నుంచి పాదాలకు, తొడలకు, తుంటికి, ఆపైన భుజాలకు పాకి చివరికి క్లబ్‌ను చేరుతుంది. నడుం దగ్గరి వెన్నుపూసలన్నీ కలిసినా పది పదిహేను డిగ్రీలకు మించి తిరగవు. తుంటి తిరక్కపోతే ఆ భారం నడుం మీద పడుతుంది. మావాడికి జరిగింది అదే. వీపు గూనిగా వంచి నిలబడేవాడు. వంగవలసింది తుంటి దగ్గర.

పర్యవేక్షణలో, సరైన పద్ధతిలో చేసే బలవ్యాయామం పిల్లల ఎదుగుదలకు హాని చెయ్యదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2008లోనూ, మళ్ళీ 2020లోనూ చెప్పింది. ముందు ఒంటికాలి మీద నిలకడ, తరువాత గుంజీలు, ఆ తరువాతే బరువులు.

అయితే అందరినీ ఒకే అచ్చులో పొయ్యనక్కరలేదు. కాలిఫోర్నియా చైనో హిల్స్‌లో పెరిగిన మన తెలుగుబిడ్డ సాహిత్ తీగల వెన్నెముకలో కొంత వంపు ఉంది. అతని స్వింగ్ చూడటానికి వింతగానే ఉంటుంది. దానితోనే 2023 సెప్టెంబరులో నాపాలో తన మొదటి పి.జి.ఎ. టూర్ టైటిల్ గెలిచాడు.

చిన్నప్పుడు మాష్టారు శిక్షగా తీయించిన గుంజీలే ఇప్పుడు మా గరాజ్‌లో రోజూ సాయంత్రం తండ్రీకొడుకులం తీస్తున్నాం. నాకు ఇరవై దాటేసరికి ఆయాసం. వాడు మాత్రం మాష్టారిలా లెక్కపెడుతూనే ఉంటాడు.